ఆ పొడుగాటి మాటను విప్పి చెప్పినవాళ్లకు

పాన్‌హైపోపిట్యూటరిజం. అక్క డిశ్చార్జ్ కాగితంలో పై వరసలోనే ఉంది ఈ మాట. బావ మూడుసార్లు చదివి, మూడుసార్లూ మూడు రకాలుగా పలికాడు. "గ్రంథులు సరిగా పనిచేయడం లేదు, మాత్రలు జీవితాంతం వాడాలి" అని డాక్టరుగారు చెప్పారు. ఏ గ్రంథులు, ఎందుకని అడిగేలోపు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన్ని తప్పు పట్టను, ఆ రోజు వార్డు కిక్కిరిసి ఉంది. కానీ 'జీవితాంతం' అన్న మాట విన్నాక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతి రోజుల్లో ముగ్గురు మాకు అండగా నిలబడ్డారు. ఫోన్‌లో థాంక్స్ చెప్పాను గానీ నాకు సరిపోలేదు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయను. అక్క చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నాను.

ముందు మాస్టారికి. రిటైరైన తెలుగు మాస్టారు, వైద్యంతో సంబంధం లేదు. పెన్సిల్ తీసి ఆ మాట మీద మూడు గీతలు గీసి నాలుగు ముక్కలు చేశారు. పాన్ అంటే గ్రీకులో అంతా. హైపో అంటే తక్కువ. చివరి ఇజం అంటే ఆ స్థితి. మధ్యలో మిగిలింది పిట్యూటరీ, అంటే మన పీయూష గ్రంథి. లాటిన్‌లో దాని మూలానికి అర్థం శ్లేష్మం. ముక్కులోంచి కారేది ఇక్కడి నుంచే వస్తుందని పూర్వం యూరప్ వైద్యులు అనుకునేవారట. మనవాళ్లేమో పీయూషమన్నారు, అంటే అమృతం. "వాళ్లకు చీమిడి, మనకు అమృతం" అన్నారు మాస్టారు. ఇంటికొచ్చాక అక్క నవ్వడం అదే మొదటిసారి. పీయూషానికి ఇంకో అర్థం కూడా ఉందనీ, ఈనిన ఆవు తొలిరోజుల పాలను కూడా అలాగే అంటారనీ ఆయన చెప్పుకుపోతుంటే అక్క నవ్వు ఆగిపోయింది.

"నాకు పాలు పడలేదు మాస్టారూ" అంది.

ఆ ఒక్క మాటే మమ్మల్ని సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ప్రసూతి వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన నర్సు ఆవిడ. వివరించడానికి ముందు ప్రశ్నలు అడిగారు. కాన్పులో రక్తం బాగా పోయిందా? పోయింది, తొమ్మిదేళ్ల క్రితం, నాలుగు బాటిళ్లు ఎక్కించారు. ఆ తర్వాత నెలసరి మళ్లీ వచ్చిందా? లేదు. చలికి తట్టుకోలేకపోవడం, చంకల్లో వెంట్రుకలు రాలిపోవడం, మెట్లెక్కితే కూలబడిపోవడం? అక్క తలూపుతూనే ఉంది. ఇన్నేళ్లూ మేం దాన్ని బద్ధకం అన్నాం. నేనూ అన్నాను.

పీయూష గ్రంథి బఠాణీ గింజంత ఉంటుందట, బరువు అర గ్రాము. మెదడు అడుగున, గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఎముక గుంటలో కూర్చుని మిగతా గ్రంథులను నడిపిస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు అది పెరుగుతుంది, రక్తం అవసరమూ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే రక్తస్రావంతో బీపీ పడిపోతే దానిలో కొంత భాగం చచ్చిపోతుంది. 1937లో షీహాన్ అనే వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు కాబట్టి షీహాన్ సిండ్రోమ్ అంటారు. మొదట కనిపించే గుర్తుల్లో ఒకటి, బాలింతకు పాలు పడకపోవడం. అంటే తొమ్మిదేళ్ల కిందటే అక్క ఒళ్లు చెప్పింది, వినిపించుకున్నవాళ్లు లేరు.

మరి థైరాయిడ్ టెస్ట్ రెండుసార్లు నార్మల్ అని ఎలా వచ్చింది? నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన సంగతి ఇదే, సిస్టర్ చల్లగా విడమరిచారు. చేయించింది టీఎస్‌హెచ్ ఒక్కటే, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పీయూష గ్రంథి పంపే హార్మోన్. థైరాయిడ్‌లో లోపం ఉంటే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, ఎందుకంటే పీయూష గ్రంథి గట్టిగా కేకలేస్తుంది. ఇక్కడ కేకలేయాల్సిందే పడిపోయింది. అప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానూ ఉండొచ్చు, తక్కువగానూ ఉండొచ్చు. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, ఫ్రీ టీ4 కూడా చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. అక్కకు అది బాగా తక్కువగా ఉంది.

మూడో ఆవిడ ఇదే జబ్బుతో ఏళ్లుగా బతుకుతున్నారు. ఆవిడది కాన్పు వల్ల కాదు, గ్రంథిలో గడ్డకు ఆపరేషన్ అయ్యాక వచ్చింది. స్టెరాయిడ్ అనగానే మా చుట్టాలు "మానిపించండి, కిడ్నీలు పోతాయి" అని గోల పెట్టారు. ఆవిడ ఫోన్‌లోనే అందరి నోళ్లూ మూయించారు: ఒంట్లో తయారవ్వాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ తయారవడం లేదు, ఆ లోటునే మాత్రతో పూడుస్తున్నాం, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఎందుకు మొదలుపెట్టారో కూడా ఆవిడే చెప్పారు. వరస తిరగబడితే ఉన్న కాస్త కార్టిసాల్ ఇంకా త్వరగా ఖర్చయిపోయి మనిషి కుప్పకూలొచ్చట. జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎంత పెంచాలో మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి అన్నారు, రాయించుకున్నాం. అది ఇప్పుడు అక్క పర్సులో ఉంది, ఇంకో కాపీ బావ జేబులో.

ఆ ఇంజెక్షన్ చేయడం నేర్పడానికి సిస్టర్ రెండుసార్లు ఇంటికి వచ్చారు. బావ ముందు స్పంజు మీద ప్రాక్టీస్ చేశాడు. మొదటి రోజు చెయ్యి ఎంత వణికిందంటే సూది వంగిపోయింది. రెండో రోజు సరిగ్గా దిగింది, కానీ ఎంతసేపు ఊపిరి బిగబట్టాడో చూసి మేమే కంగారుపడ్డాం.

మాస్టారూ, మీ పెన్సిల్ గీతలున్న కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాం. ఫోన్‌లో ధైర్యం చెప్పిన అమ్మా, అక్క మీతో ఒకసారి తీరిగ్గా మాట్లాడాలంటోంది. సిస్టర్, మీరు అడిగిన ఫ్రీ టీ4 రిపోర్ట్ నిన్న వచ్చింది, రేంజ్‌లోనే ఉంది. సాయంత్రం ఫోన్ చేస్తాను.