తువ్వాలు లేని బేరం

ఒరేయ్ బుజ్జీ,

ఆలస్యమైంది, తిట్టుకోకురా. ఉగాదికి రాస్తానన్నాను, ఆషాఢం వచ్చేసింది. ఉద్యోగం బాగుంది, రాటర్‌డామ్‌లోనే ఇల్లు మారాం, చంటిదానికి జలుబు తగ్గింది, మిగతావి ఫోన్లో. ఇది మాత్రం నీకు చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

మొన్న గురువారం గౌడ వెళ్లాను. చీజ్ పేరు కాదురా, ఊరే! ఇక్కడి డచ్చివాళ్లు ‘హౌడా’ అంటారు, మన లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నట్టు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గురువారం పొద్దున చీజ్ సంత. నేలంతా పసుప్పచ్చ చక్రాలు, మామూలుది ఒక్కోటి 12 కిలోల దాకా ఉంటుంది. తెల్లకోటాయన ఒకదాంట్లో సన్నటి గొట్టం గుచ్చి, తిప్పి, వేలెడు ముక్క లాగాడు. వాసన చూశాడు, కొంచెం నలిపి నోట్లో వేసుకున్నాడు, మిగిలిన కొసతో మళ్లీ ఆ కన్నమే మూసేశాడు!

తర్వాత బేరం. రైతు ధర చెప్పి ఆ తెల్లకోటాయన అరచేతిలో ఫట్‌మని కొట్టాడు. ఆయన ఇంకో ధర చెప్పి తిరిగి కొట్టాడు. అలా ఫట్ ఫట్‌మని కొట్టుకుంటూ పోయి, ఆఖరి దెబ్బకి చెయ్యి వదల్లేదు. కుదిరిపోయింది. నాకు మీ తాతయ్యే కనిపించారురా. ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆయన చేసే బేరం పక్కవాడికి తెలియకూడదు, వీళ్లదేమో ఊరంతా వినాలి. (ఆ ఎర్ర తువ్వాలు మనం ఎత్తిన సంగతి మీ ఆవిడకి చెప్పావా? చెప్పకు.) ఇప్పుడిదంతా ఎక్కువగా చూడ్డానికొచ్చేవాళ్ల కోసం చేసి చూపిస్తున్నదే, అయినా ఆ చప్పుడు వింటే...

పక్కనే 1668 నాటి తూకపు ఇల్లు, గోడ మీద చీజ్ తూస్తున్న బొమ్మ చెక్కి ఉంది. చుట్టూ పల్లెల్లో చేసింది ఇక్కడికొచ్చి అమ్ముడయ్యేది కాబట్టి ఈ ఊరి పేరే పడిపోయింది.

ఏడాది మాగినది కొన్నాను. పంటి కింద పటికబెల్లం పలుకుల్లా తగిలాయి, ఉప్పేమో అనుకున్నా, కాదట, మాగేకొద్దీ ప్రోటీన్ విరిగి అలా గడ్డకడుతుందట. పాలు విరిచాక తేట కొంత తీసేసి వేడినీళ్లతో కడుగుతారు, అందుకే పులుపు తక్కువ. నిఘంటువులో దీన్ని జున్ను అని ఎవడు రాశాడో గానీ, మన జున్ను ఎక్కడ, ఇదెక్కడ! నీకు ఒక ముక్క పంపిస్తున్నా. అత్తయ్యకి మాత్రం పెట్టకు, దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తో విరిచిందేనని అడిగి మరీ తెలుసుకున్నాను.

అన్నట్టు, తాతయ్య ఆ వేళ్ల లెక్క నీకు నేర్పారా? చిటికెనవేలు పట్టుకుంటే ఎంత, మొత్తం చెయ్యి పట్టుకుంటే... అమ్మో, చంటిది లేచింది. ఉంటా.

నీ
చిన్నోడు