ఆరు కాదు, ఏడు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, సెలవుల జాబితా ఈ వార్తాలేఖ వెనక పేజీలో ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ మళ్లీ రాయను. శనివారం గోల్ఫ్ క్లాసులో జరిగిన ఒక చిన్న సంగతి రెండు వారాలుగా నన్ను వదలడం లేదు. అది చెబుతాను.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి నాలుగో హోల్ ఆడుతోంది. మొదటి షాట్ పక్కకి తిరిగి, గట్టు కింద ఎత్తుగా పెరిగిన గడ్డిలో పడింది. బంతి వెతుక్కుంటూ తను గట్టు దిగింది. మాకెవరికీ కనపడటం లేదు. కాసేపటికి బంతి గాల్లోకి లేచి బయటపడింది, వెనకే తనూ వచ్చింది. హోల్ పూర్తయ్యాక, తన స్కోరు రాస్తున్న అబ్బాయి వేళ్ల మీద లెక్కపెట్టి "ఆరు" అన్నాడు. తను ఒక్క క్షణం ఆగి, "ఆరు కాదు, ఏడు. కింద ఒకటి గాలికి పోయింది" అంది. వాడు ఆరు కొట్టేసి ఏడు రాసుకున్నాడు. ఇద్దరూ అయిదో హోల్ వైపు నడిచిపోయారు.

గోల్ఫ్ తెలియనివారికి ఒక మాట. బంతిని నేలలోని చిన్న రంధ్రంలోకి, అదే హోల్‌లోకి, ఎంత తక్కువ షాట్లలో చేరిస్తే అంత మంచి స్కోరు. బంతిని కొట్టాలని క్లబ్, అంటే ఆడే కర్ర, ఊపితే చాలు, తగలకపోయినా అది ఒక షాట్ కిందే లెక్క. ఆ గడ్డిలో ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. పోనీ ఆ ఒక్కటి దాచుకుంటే గెలిచేదా అంటే అదీ లేదు. ఆరైనా ఏడైనా ఆ రోజు తనది చివరి నుంచి రెండో స్థానమే.

మొన్నటి సమావేశంలో మీలో ఒకరు నన్ను సూటిగా అడిగారు: "గోల్ఫ్ ఆడితే నిజాయితీ, క్రమశిక్షణ వస్తాయంటారు. నిజమేనా మేడం?" నేను ముందూ వెనకా చూడకుండా "తప్పకుండా" అనేశాను. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఈ ఉత్తరం ఆ పని మీదే రాస్తున్నాను. గోల్ఫ్ ఆడితే నిజాయితీ వస్తుందని ఇప్పుడు నేను అనలేను. అసలు మోసం చేయడానికి ఇంత వీలున్న ఆట ఇంకోటి నాకు తెలియదు. క్రికెట్‌లో అంపైర్ ఉంటాడు, ఫుట్‌బాల్‌లో రెఫరీ ఉంటాడు. క్యారమ్స్‌లో ఎదుటివాడు కళ్లు ఆర్పకుండా చూస్తుంటాడు. గోల్ఫ్‌లో బంతి ఎక్కడ పడితే అక్కడికి ఎవరికి వాళ్లు నడిచి వెళ్లాలి. చెట్టు వెనకో, ఇసుక గుంటలోనో, ఆడేవారూ బంతీ తప్ప ఇంకెవరూ ఉండరు. పెద్ద టోర్నమెంట్లలో రెఫరీలున్నా సాధారణంగా ప్రతి ఆటగాడి వెంటా తిరగరు. మామూలు ఆటల్లో అయితే అసలే ఉండరు.

కాబట్టి ఆ గడ్డిలో దిగిన పిల్ల ఏం చేస్తుందన్నది, తను అప్పటికే ఇంటి నుంచీ బడి నుంచీ ఏం మూటగట్టుకుని వచ్చిందన్నదాని మీద ఉంటుంది. ఆ మూటలో మనం ఏం పెడుతున్నామన్నదే నా దిగులు.

బాబీ జోన్స్ అనే అమెరికన్ ఆటగాడి కథ మా పీఈటీ సారు పిల్లలకి చెబుతుంటారు. 1925 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో, ఏటవాలు గట్టు మీద గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతుంటే క్లబ్ గడ్డికి తగిలి బంతి కాస్త కదిలింది. కదిలిందని ఆయనే చెప్పి, తనకి ఒక షాట్ పెనాల్టీ వేయమన్నాడు. అధికారులు అక్కడున్నవాళ్లని అడిగారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నీ ఇష్టం అని ఆయనకే వదిలేస్తే, ఆయన వేసుకున్నాడు. నాలుగు రౌండ్లు ముగిసేసరికి విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచాడు. ఆ ఒక్క షాట్ లేకపోతే కప్పు అక్కడికక్కడే ఆయనది. మరో 36 హోల్స్ ఆడి తేల్చుకోవాల్సి వచ్చింది, అందులో ఒకే ఒక్క షాట్ తేడాతో ఓడిపోయాడు. జనం మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోనందుకు పొగిడినట్టుందని అన్నాడని చెబుతారు.

పిల్లలకి ఈ కథ నచ్చుతుంది. నాకు మాత్రం అంతకు నాలుగేళ్ల ముందు జరిగింది ఎక్కువ ఇష్టం. 1921లో ఇదే జోన్స్, పందొమ్మిదేళ్ల కుర్రాడు, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ మూడో రౌండ్‌లో బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, చిక్కుకున్నాడు. ఎంతకీ బయటపడలేక, ఒళ్లు మండి, పోటీని మధ్యలోనే వదిలేశాడు. క్లబ్బులు విసిరికొట్టే కోపిష్టి అని అప్పటికే పేరు. ఆరేళ్ల తర్వాత, 1927లో, అదే కోర్సులో అదే టోర్నమెంట్ గెలిచాడు. 1958లో ఆ ఊరివాళ్లే ఆయన్ని పిలిచి గౌరవ పౌరుణ్ణి చేశారు. మీ పిల్లవాడు ఓడిపోయి రాకెట్ నేలకేసి కొట్టినప్పుడు, "వీడింతే" అని తీర్మానించేముందు ఆ పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి ఒకసారి తలుచుకోండి. స్టాఫ్ రూములో మేమూ తలుచుకుంటాం.

ఈ ఆటలో నన్ను అన్నిటికన్నా ఆలోచనలో పడేసింది వేరే ఉంది. తప్పుకి కట్టాల్సిన వెల. బంతి ముళ్లపొదలో ఇరుక్కుంది, కొట్టడం కుదరదు అనుకుందాం. కుదరదని తేల్చేది ఆడేవారే. ఒక షాట్ పెనాల్టీ వేసుకుని, నియమం ఒప్పుకునే చోట బంతిని వదిలి ఆట సాగించవచ్చు. బంతి కనపడకపోతే వెతకడానికి మూడు నిమిషాలు టైం ఇస్తారు. 2019కి ముందు అయిదు ఉండేవి. ఆ మూడూ దాటితే బంతి పోయినట్టే, పెనాల్టీతో పాత చోటికి వెళ్లి మళ్లీ కొట్టాలి. అంతే. వెల ఎంతో ముందే తెలుసు, ఒక్కసారి కడితే సరిపోతుంది. తర్వాతి హోల్‌లో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

మన ఇళ్లలో అలా ఉందా? నా ఆఫీసు గదిలో ఉందా? లెక్కల్లో 40 మార్కులు తెచ్చుకున్న పిల్లాడు ఆ నలభైకి ఎన్నిసార్లు కడుతున్నాడో చూడండి. ఆ సాయంత్రం ఒకసారి. అన్నం దగ్గర ఇంకోసారి. చుట్టాలొస్తే వాళ్ల ముందు మరోసారి. వచ్చే పరీక్షకి కూర్చోబోతుంటే "పోయినసారి ఏం వెలగబెట్టావో గుర్తుందిగా" అని ఇంకోసారి. అసలు కన్నా వడ్డీ ఎక్కువ. అంత కట్టాలని ముందే తెలిస్తే నేనైనా దాచేస్తాను. ప్రోగ్రెస్ కార్డు మీద దొంగ సంతకాలు ఎందుకు పడతాయో పాతికేళ్ల సర్వీసులో నాకు అర్థమైంది ఇదే. పిల్లలు మార్కులకి భయపడి దాచరు. ఆ తర్వాత మొదలయ్యే వాయిదాలకి భయపడతారు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. పోయిన నెల టీచర్లూ పిల్లలూ కలిసి ఆడారు. నా బంతి చెట్టు వేరు పక్కన ఆగింది. అలాగే కొడితే క్లబ్ వేరుకి తగిలి చెయ్యి జివ్వుమంటుంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. చెప్పుతో బంతిని జానెడు ఇవతలికి నెట్టి కొట్టాను. షాట్ బ్రహ్మాండంగా పోయింది, అది ఇంకా బాధ. నా స్కోరు రాస్తున్నది తొమ్మిదో తరగతి అబ్బాయి. కార్డు మీద సంతకం పెట్టమని పెన్సిల్ చేతికిచ్చేదాకా నోరు మెదపలేదు నేను. ఆ పెన్సిల్ పట్టుకున్నాక మాత్రం చెప్పేశాను. వాడు నవ్వలేదు, జాలిపడలేదు. "తప్పు చోటు నుంచి ఆడితే రెండు, మేడం" అని ఏడుని తొమ్మిది చేశాడు. మర్నాడు అసెంబ్లీలో వాడి మొహం చూడటానికి ఇబ్బంది పడ్డాను. వాడు మాత్రం ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ చెప్పి లైన్లో నిలబడ్డాడు. వాడి లెక్కలో అది రెండు షాట్లతో తీరిపోయింది.

కార్డు ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పోటీ ఆటలో ఎవరి స్కోరు వాళ్లు రాసుకోరు. పక్కన ఆడేవారు మార్కర్‌గా రాస్తారు, ఆడినవారు సరిచూసుకుని సంతకం పెడతారు. 1968లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో చివరి రోజు 17వ హోల్‌ని మూడు షాట్లలో ముగిస్తే, మార్కర్ పొరపాటున నాలుగు వేశాడు. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. అసలు కన్నా ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం. 65 కాస్తా 66 అయింది, బాబ్ గోల్బీతో సమానంగా నిలిచి ప్లేఆఫ్, అంటే గెలుపు తేల్చే అదనపు ఆట, ఆడే అవకాశం పోయింది. అదీ ఆయన 45వ పుట్టినరోజు నాడు. మార్కర్‌ని ఒక్క మాట అనలేదు, తననే తిట్టుకున్నాడు. ఇది చెప్పినప్పుడు క్లాసులో సగం మంది అన్యాయం అని గోల చేశారు. నాకూ ఆ నియమం కాస్త కఠినంగానే అనిపిస్తుంది. కానీ జవాబు పత్రం ఇచ్చేముందు ఒకసారి చూసుకోమని మేం వెయ్యిసార్లు చెప్పినా ఎక్కనిది, ఈ ఒక్క కథతో ఎక్కిందని తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ అంటున్నారు.

ఓడిపోతే పిల్లలు కుంగిపోతారేమో అని కొందరు అమ్మలు అడుగుతున్నారు. కొంచెం కుంగుతారు. ఉత్తర ఐర్లండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ 2011 మాస్టర్స్ చివరి రోజు నాలుగు షాట్లు ముందుండి మొదలుపెట్టి, 80 కొట్టి, ప్రపంచమంతా చూస్తుండగా కిందికి జారిపోయాడు. రెండు నెలల తర్వాత యూఎస్ ఓపెన్‌ని ఎనిమిది షాట్ల తేడాతో గెలిచాడు. ఇక్కడే కథ ఆపితే బాగుంటుంది. కానీ చేజారిన ఆ మాస్టర్స్ దక్కడానికి 2025 దాకా, పద్నాలుగేళ్లు పట్టింది. పిల్లలకి రెండు సంగతులూ చెబుతున్నాం.

కొందరికి ఈ ఆట అస్సలు పడదు. నిదానం, ఎండ, నడక. అలాంటివాళ్లని బలవంతపెట్టం, వేరే ఆటలున్నాయి. నియమం ప్రకారం సంచిలో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. మన పిల్లల దగ్గర మూడే ఉన్నాయి, అవి కూడా పంచుకుని ఆడతారు. కొత్త సెట్ కొనకండి. హ్యాండిక్యాప్ పద్ధతి, అంటే ఆట తక్కువ వచ్చినవారి స్కోరులోంచి కొన్ని షాట్లు తగ్గించడం, ఉంది కాబట్టి ఆరో తరగతి పిల్ల పదో తరగతి అబ్బాయితో ఆడి గెలవగలదు. గెలిచింది కూడా. ఆ అబ్బాయి ఇంకా కోలుకోలేదు.

ఇక మీతో పని. ఆట జరుగుతున్నప్పుడు కోర్సు అంచున ఉన్న తాడు దాటి లోపలికి రావద్దు. పోయినసారి ఒక నాన్నగారు గడ్డిలో బంతి వెతికిపెట్టారు. సాయమే, కాదనను. కానీ ఆ తర్వాత మూడు హోల్స్ దాకా పిల్లాడు ప్రతి షాట్‌కీ ముందు ఆయన వైపే చూశాడు. కారెక్కగానే "ఎంత కొట్టావ్?" అని అడగకుండా ఉండటం కష్టమని తెలుసు. కనీసం అయిదు నిమిషాలు ఆగి చూడండి. ఏ షాట్ బాగా కుదిరిందో, ఎక్కడ ఇరుక్కుందో వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. చెప్పకపోతే ఆ రోజుకి వదిలేయండి.

వచ్చే శనివారం ఉదయం ఆరున్నరకి బస్సు బయలుదేరుతుంది. టోపీ, నీళ్ల సీసా, అడుగు చదునుగా ఉండే బూట్లు తప్పనిసరి. ఆట అయ్యాక కార్డులు ఇంటికి పంపిస్తాం. వాటి మీద రెండే సంతకాలు ఉంటాయి, ఆడినవారిదీ మార్కర్‌దీ. తల్లిదండ్రుల సంతకానికి గీత లేదు. ప్రింటింగ్‌లో పొరపాటు జరిగిందని ఆఫీసుకి ఫోన్ చేయకండి, కావాలనే తీయించాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు