సప్పుడు లోపలికా, బయటికా?

హన్మకొండ,
ఆదివారం పొద్దున.

బిడ్డా సౌజన్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. మెట్లు ఎక్కొద్దంటే, మరి వడియాలు ఎవరు ఆరబెడతారని నన్నే అడుగుతుంది. రాజన్న మామ బర్రెను అమ్మేశాడు, ఇప్పుడు మనకూ పాకెట్ పాలే. మెసేజ్‌కు ఉత్తరంతో జవాబేందని నవ్వుకోకు. ఆ ఫోన్‌లో నేను ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. మాట్లాడదామంటే సగమే వినిపిస్తుంది, ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డ చెవులు మరి. ఆ సగం కూడా మీ అమ్మే లాక్కుంటుంది. తర్వాత నాకు చెప్పేది ఒకటే: "బాగున్నారట, పని ఉందట." నెలన్నర నుంచి ఇదే మాట.

బుధవారం నువ్వు పెట్టింది చూశాను. "బాపూ, బెడ్‌రూమ్ గోడలకు సౌండ్ ప్రూఫింగ్ చేయించాలి, ఏది మంచిది?" అని, కింద మూడు ఫోటోలు. బాగున్నావా అని కూడా లేదు. సరే, నాకు తెలిసిన పనే అడిగావు, సంతోషమే. అందుకే కూర్చొని వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి నువ్వు చెప్పాలి. సప్పుడు బయటి నుంచి లోపలికి రావద్దనా, లోపలి నుంచి బయటికి పోవద్దనా? పని కోసమే అడుగుతున్నాను.

మొదటి ఫోటోలో ఉన్న నల్ల స్పాంజి పలకలు వద్దు. అవి గది లోపలి మోతను మింగుతాయి, అంతే. సామాను లేని గదిలో చప్పట్లు కొడితే గణగణమంటుంది చూడు, అది తగ్గుతుంది. పాటలు రికార్డు చేసుకునేవాళ్ళకు పనికొస్తాయి. గోడ దాటిపోయే సప్పుడును ఆపవు. రెండో ఫోటోలో చెక్క పట్టీలవి చూడడానికి బాగున్నాయి, హాల్లో టీవీ వెనక పెట్టుకోండి. థర్మాకోల్ అంటిస్తామని ఎవడన్నా వస్తే గుమ్మం దగ్గర నుంచే పంపించు. మూడోది రాక్‌వుల్, రాయిని కరిగించి దూదిలా తీసిన పోగుల పలక. దానికో పద్ధతి ఉంది, చెప్తాను.

సప్పుడును ఆపేది బరువు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు రెండు దిక్కులా ప్లాస్టరింగ్ ఉంటే సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ 40, 45 మధ్య. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది, కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. మీ ఫ్లాట్ లోపలి గోడలు ఏఏసీ బ్లాకులవి, లోపలంతా గాలి బుడగలుండే సిమెంటు దిమ్మెలు. గృహప్రవేశం నాడు అందరూ పాలు పొంగించే హడావిడిలో ఉంటే నేను వేలితో కొట్టి చూశాను. అదే సైజు ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు ఉంటాయవి, నీళ్ళలో వేస్తే తేలుతాయి. కట్టేవాడికి సులువు, పిల్లర్ల మీద బరువు తక్కువ, ఎండాకాలం గది చల్లగా ఉంటుంది. కానీ తేలిక గోడ తేలిక గోడే. పక్కింటి టీవీ మీకు వినిపిస్తోందంటే మీ మాటలు వాళ్ళకు వినిపిస్తున్నట్టే.

అన్నట్టు శ్రీను కొడుకు పెళ్ళిలో హసన్‌పర్తి అత్త కలిసింది. నువ్వు రాలేదని అడిగింది, అల్లుడు రాలేదని ఇంకోసారి అడిగింది. ఆమె ఆడబిడ్డ కోడలు మీ పక్క బ్లాకులోనే ఉంటుందట కదా. ఏదో చెప్పబోయింది, బ్యాండు మోగుతోంది, నేను సరిగా వినలేదు. వంకాయ కూర బాగా చేశారు, బగారన్నం కొంచెం మెత్తబడింది. మీ అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది, ఇంటికొచ్చాక గ్యాస్ అని రాత్రంతా కూర్చుంది.

లొల్లి అన్న మాట ఒకటి మాత్రం వినపడింది. మన దిక్కు సప్పుడునూ లొల్లి అంటారు, కొట్లాటనూ లొల్లి అంటారు. ఆమె ఏది అన్నదో.

చిన్ను నిద్ర పోవడం లేదా? అందుకేనా ఈ సౌండ్ ప్రూఫింగ్? లేక నీ రాత్రి మీటింగుల కోసమా? అదే అయితే రెండు ముక్కలు రాయి, మీ అమ్మకు చదివి వినిపిస్తాను.

పనిలోకి వస్తాను. నీకు గుర్తుందో లేదో, 2001 వేసవి, నాలుగో తరగతి పరీక్షలైపోయి ఇంట్లోనే ఉంటున్నావు. మా థియేటర్‌లో కొత్తగా డీటీఎస్ పెట్టారు. జనం అది వినడానికే వచ్చేవాళ్ళు. థియేటర్ వెనక గోడ పక్కనే ఒక సారు ఇల్లు, జామచెట్టు ఇల్లు. సెకండ్ షో వదిలేసరికి ఒంటిగంట. ఒకరోజు సారు పేపర్ కటింగ్ పట్టుకొని ఆఫీసు రూముకు వచ్చాడు. అంతకు ముందు ఏడాదే శబ్ద కాలుష్యం రూల్స్ వచ్చాయి. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటొద్దని. సేటుకు భయం పట్టుకుంది. ఎవరో గుడ్ల ట్రేలు కొట్టించమన్నారు. రెండు ఆటోల నిండా అట్ట ట్రేలు తెప్పించి, లోపల వెనక గోడంతా మేకులు కొట్టించాడు. వారం తిరిగేసరికి వాటి వెనక ఎలుకలు కాపురం పెట్టాయి. హాలు లోపల డైలాగు మెత్తబడింది, అది నిజం. సారు ఇంట్లో మాత్రం ఫైటింగ్ సీను వస్తే కిటికీ అద్దం ఎప్పటిలాగే వణికేది.

అప్పుడు కాజీపేట నుంచి ఒక ముసలి మేస్త్రీని తెచ్చారు. ఆయన గోడ వైపు చూడనే లేదు. మార్నింగ్ షో లేని రోజు తలుపులన్నీ మూయించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిప్పించి, ఒక అగర్‌బత్తి వెలిగించి నా చేతికిచ్చాడు. "తలుపుల పొంట నడువు, పొగను చూడు" అన్నాడు. సందు లేని చోట పొగ నిలువుగా లేచేది. ఎగ్జిట్ తలుపు అడుగుకు పెట్టేసరికి ఒక్కసారిగా లోపలికి వంగింది, కొసన నిప్పు ఎర్రగా రాజుకుంది. నా చిటికెన వేలు దూరే సందు ఉందక్కడ. ముప్పై ఏళ్ళు ఆ తలుపులోంచే జనం పోయారు, ఎవరి కంటా పడలేదు. సాయంత్రానికి అలాంటివి తొమ్మిది చోట్ల దొరికాయి. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, మిగతాది కోటగోడ అయినా 20 డెసిబెల్స్ మించి ఆగదని డీటీఎస్ బిగించడానికి వచ్చిన ఇంజినీరు తర్వాత లెక్క వేసి చూపించాడు. మేస్త్రీకి లెక్క రాదు, అగర్‌బత్తి వచ్చు.

లారీ ట్యూబులు కోసి తలుపుల అడుగున రబ్బరు కొట్టాం. ఎగ్జిట్‌కు మూడడుగుల లోపల ఇంకో తలుపు పెట్టించాం. ఫ్యాన్ల ముందు గాలి మలుపు తిరిగి పోయేలా ఇటుకతో డబ్బాలు కట్టి, లోపల కొబ్బరి పీచు వేశాం. సారు ఇంట్లో అద్దం వణకడం ఆగింది. స్వీటు డబ్బా తెచ్చిచ్చాడు, నువ్వే తిన్నావు సగం.

నేను చెప్పాలనుకున్నది ఇంతవరకే. మిగతాది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

అప్పట్లో నేను క్యాబిన్ వెనక మెట్ల మీద కూర్చొని బీడీ తాగేవాణ్ణి, మీ అమ్మకు చెప్పకు. సినిమా సప్పుడు బయటికి రావడం ఆగాక సారు ఇంట్లోవి వినిపించడం మొదలైంది. ఇంతకు ముందూ ఉన్నవే, మా సప్పుడు కింద మునిగిపోయేవి. సారు గొంతు వినిపించేది. ఆయన భార్య గొంతు వినిపించేది కాదు. ఒకసారి స్టీలు గిన్నె గచ్చు మీద దొర్లిన సప్పుడు, అది ఆగేదాకా చాలాసేపు తిరిగింది. గల్లీ అంతా విన్నది. నేనూ విన్నాను. రీలు మార్చే టైమ్ అయిందని లోపలికి పోయేవాణ్ణి. రోజూ రీలు మార్చే టైమే అయ్యేది. దసరా తర్వాత ఆమె పిల్లను తీసుకొని పుట్టింటికి పోయింది. జామకాయలు ఎందుకు తేవడం లేదు బాపూ అని నువ్వు అడిగితే చెట్టు కొట్టేశారని చెప్పాను. కొట్టలేదు.

సరే, నీ గోడ. ముందే డబ్బులు పోయకు. ఒకరోజు కిటికీలు, తలుపులు మూసి, వంటింట్లో, బాత్‌రూముల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, అగర్‌బత్తి పట్టుకొని బెడ్‌రూమ్ అంతా తిరుగు. తలుపు కింద, కిటికీ చుట్టూ, ఏసీ పైపు పోయే రంధ్రం. వాటిని మూస్తే సగం పని అయిపోవచ్చు. స్విచ్ బోర్డులు గోడకు అటూ ఇటూ ఒకే చోట ఉంటే అదీ రంధ్రం కిందే లెక్క. రోడ్డు మీది హారన్లు అయితే గోడ జోలికే పోవద్దు, కిటికీ మార్పించు. పక్కకు జరిపే కిటికీలో బ్రష్షు సందుల నుంచి సప్పుడు వస్తూనే ఉంటుంది, రెక్క మూసి బిగించే రకం, చుట్టూ రబ్బరు ఉన్నది తీసుకో. పై ఫ్లాట్ వాళ్ళు కుర్చీలు లాగే సప్పుడు అయితే అది స్లాబులోంచి దిగుతుంది, గోడకు ఎంత పెట్టినా దండగ. వాళ్ళ కుర్చీల కాళ్ళకు రబ్బరు బుడిపెలు నువ్వే కొనిచ్చెయ్. బిడియపడకు, ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ ఉంటే మంచిది. నువ్వు ఎవరితోనూ మాట్లాడవు, చిన్నప్పటి నుంచీ అంతే, కడుపునొప్పి వచ్చినా రెండు రోజులకు చెప్పేదానివి.

గోడకే చేయించాలంటే ఇట్లా చేయించు. ఉన్న గోడకు తగలకుండా ఒక అంగుళం వదిలి స్టీలు ఫ్రేము నిలబెట్టాలి. ఫ్రేములో 50 ఎంఎం రాక్‌వుల్, 48 డెన్సిటీది, అంటే క్యూబిక్ మీటరుకు 48 కిలోల బరువుండేది. మీద 12.5 ఎంఎం జిప్సమ్ బోర్డు రెండు పొరలు, ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రావద్దు. చుట్టూ అంచులకు గట్టిపడని అకౌస్టిక్ సీలెంట్ పెట్టాలి. పనివాళ్ళు మరిచిపోయేది అదే, వదిలేసేదీ అదే, పక్కన నిలబడి పెట్టించు. ఫ్రేము గోడకు ఎక్కడ తగిలితే అక్కడి నుంచి సప్పుడు దాటుతుంది. మొత్తం నాలుగంగుళాల జాగా పోతుంది, బీరువా తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే టేపు పెట్టి చూసుకో. గోడలో చెమ్మ ఉంటే అది ఆరేదాకా మొదలుపెట్టొద్దు. రాక్‌వుల్ కోసే రోజు చిన్నును ఆ గదిలోకి రానివ్వకు, పోగులు ఒంటికి దురద పెడతాయి. నువ్వూ మాస్కు కట్టుకో. అసలు ఆ రెండు రోజులు పిల్లను తీసుకొని ఇక్కడికి రా. పనివాళ్ళను అల్లుడు చూసుకుంటాడు కదా?

ఇంకోటి కూడా ముందే తెలుసుకో. బయటి సప్పుడు ఆగాక ఇంట్లోవి ఇంకా బాగా వినిపిస్తాయి. ఫ్యాను కిర్రుమనడం, గోడ గడియారం, ఒకరు నిట్టూరిస్తే ఇంకొకరికి. కొన్నాళ్ళు నిద్ర పట్టదు కూడా. కోపం వచ్చిన రోజు అన్నం మానేసి పడుకోవద్దు. మీ అమ్మా నేనూ ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మాట్లాడుకోలేదో లెక్క లేదు, కానీ కంచం మాత్రం పెట్టేది. ధన్‌మని పెట్టేది, కానీ పెట్టేది. నీతులు చెప్పకుండా రాద్దామనుకున్నాను, చూడు ఎటు పోయిందో.

కొత్తవాడలో రెండు జంపఖానాలు తీసి పెట్టాను, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. 2018లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఇవే. వాటితో సప్పుడు ఆగదని నాకు తెలుసు, నాకు నువ్వు చెప్పొద్దు. ఒకటి గోడకు వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది, ఒకటి కింద పరిస్తే చిన్ను దుంకినప్పుడు కింది వాళ్ళకు కొంచెం తక్కువ వినపడుతుంది.

అవి పట్టుకొని గురువారం నేనే వస్తున్నాను, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు. సికింద్రాబాద్‌కు ఎవరూ రావద్దు, మెట్రో ఎక్కడం నాకు వచ్చు. అల్లుడు ఇంట్లో ఉంటే ఉండనీ, లేకుంటే లేదు. గోడ చూసి పోతాను.

గోడకు అటూ ఇటూ ఒకటే బిడ్డా. లోపలి సప్పుడైనా బయటి సప్పుడైనా అంతే ఆపుతుంది. మొదట నేను అడిగింది గోడ కోసం కాదు.

రావద్దంటే ఫోన్ చెయ్. అమ్మకు కాదు, నాకు. కుడి చెవికి పెట్టుకుంటాను, కొంచెం గట్టిగా మాట్లాడు. పైలం.

మీ బాపు

మర్చిపోయాను: సకినాలు ఒక డబ్బా, చపాట మిర్చి కారం ఒక డబ్బా తెస్తున్నాను. కారం డబ్బా మీ అమ్మ పెళ్ళినాటిది, ఖాళీ చేసి నాతోనే పంపాలట.