పదో రోజుకి ముందు నీకో మాట

చిట్టితల్లీ,

ఫోన్లో ఇవన్నీ చెప్పలేను. ఆ ఇంట్లో ఇప్పుడు నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. నువ్వు ఊఁ కొట్టడం తప్ప నోరు విప్పి మాట్లాడలేవు. అందుకే రాసి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక తీరిగ్గా చదువు.

మీ మామగారు, మా అన్నయ్యగారు పోయిన బాధ మీ అందరికీ ఎంత ఉందో నాకు తెలుసు, దాన్ని మళ్ళీ కదపను. నేను రాసేది మీ అత్తగారు, మా వదినగారి గురించి. పదో రోజు తెల్లవారుజామున ఏమేం చెయ్యాలో ఇంట్లో పెద్దవాళ్ళు అప్పుడే అనుకుంటున్నారని నిన్న గొంతు తగ్గించి చెప్పావు. ఆవిడకి చివరిసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వులు పెట్టి, నిండా గాజులు తొడిగి, తర్వాత అవన్నీ తీసెయ్యడానికి ఎవరెవరు రావాలి, పుస్తెలు పాలల్లో ఎవరు వెయ్యాలి, ఆ పూట ముత్తైదువులు ఏ గదిలో ఉండాలి అని. అన్నీ మాట్లాడుకున్నారు కానీ ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగలేదని చెప్పావు. నాకు రాత్రంతా అదే మనసులో తిరిగింది.

నా మాట సూటిగా చెప్తాను. ఆవిడ వద్దంటే ఆ తంతు జరగనివ్వకు. ఆవిడే కావాలంటే అడ్డుపడకు. కానీ ముందు అడగాలి. కోడలివి కాబట్టి ఆ అడిగే మనిషివి నువ్వే కావాలి.

చిన్నప్పటి నుంచీ ఆడపిల్లకి మనవాళ్ళు ఎలాంటి చావు మంచిదని నేర్పుతారో గమనించావా? ఎవరి కాళ్ళకి దణ్ణం పెట్టినా 'దీర్ఘసుమంగళీభవ' అంటారు. నిండు నూరేళ్ళూ బతకమని మగపిల్లాణ్ణి దీవించినట్టు కాదది. మొగుడికంటే ముందు పొమ్మనే దీవెన. శ్రావణ మంగళవారాల నోము, అట్లతద్ది, వరలక్ష్మీ వ్రతం, అన్నిట్లోనూ ఐదోతనమే కోరుకుంటాం. ఒకావిడ నలభై ఏళ్ళకే జబ్బు చేసి పోయినా, భర్త బతికుంటే చాలు, 'అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో పోయింది' అంటారు. ఆవిడ కాళ్ళకి పసుపు రాసి, కొత్త చీర కట్టి, వచ్చిన ఆడవాళ్ళందరూ దణ్ణం పెట్టుకుంటారు. అలా పోయినవాళ్ళ కోసం మహాలయ పక్షంలో అవిధవా నవమి అని ప్రత్యేకంగా ఒక రోజే ఉంది. ఎనభై ఏళ్ళు బతికి, పిల్లల్ని పెంచి, ఇల్లు నిలబెట్టి, మనవల చేతుల్లో హాయిగా కన్నుమూసిన ఆవిడకి మాత్రం ఆ మర్యాద లేదు. ఎందుకంటే ఆవిడ భర్త ముందు పోయాడు.

ఒక్కసారి లెక్క చూడు. మన ఇళ్ళల్లో భర్త భార్యకంటే నాలుగేళ్ళో, ఆరేళ్ళో పెద్దవాడు. మా తరంలో పదేళ్ళ తేడా కూడా మామూలే. పైగా ఆడవాళ్ళు సగటున మగవాళ్ళకంటే ఎక్కువ కాలం బతుకుతారు. అంటే ఎక్కువ మంది భార్యలు వెనక మిగలక తప్పదు. అందరూ కోరుకోవాల్సిన మంచి చావు అని ఏది చెప్తామో అది సగం మందికి పైగా దక్కే వీలే లేదు. దక్కనివాళ్ళందరూ ఏదో పాపం చేసినట్టు బతకాలి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఈ నమ్మకం చావు రోజున మొదలవదు, అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే బతుకులోకి వచ్చి కూర్చుంటుంది. మన చుట్టాల్లో ఎంతమంది ఆడవాళ్ళు 'నాకెందుకండీ, నేను ముందు పోతాలెండి' అంటూ బ్యాంకు మొహం చూడకుండా గడిపేశారో నీకు తెలుసు. పాస్‌బుక్ ఎక్కడుందో తెలీదు, ఇంటి పన్ను ఎవరు కడుతున్నారో తెలీదు. ఇంకొందరు ఒంట్లో బాలేకపోయినా చెప్పరు. గుండెల్లో నొప్పి వస్తే గ్యాస్ అనుకుంటారు. భర్తకి మాత్రం బీపీ మాత్ర టైముకి అందిస్తారు. తన ప్రాణం పోయినా పరవాలేదు, ఆయన ముందు పోకూడదు అని లోపల ఎక్కడో ఉంటుంది. ప్రేమ కూడా ఉందందులో, కాదనను. కానీ ఆ ప్రేమ వెనక భయం కూడా ఉంది. ఆయన పోతే మర్నాటి నుంచి తన మొహం ఎవరూ చూడరన్న భయం.

పెనుగంచిప్రోలు నీకు గుర్తుందా? మునేటి ఒడ్డున తిరుపతమ్మ తల్లి గుడి. నీ పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం. భర్త గోపయ్య పోతే ఆ తల్లి అగ్నిగుండంలో ప్రవేశించిందని కథ. ఇలా భర్తతో సహగమనం చేసినవాళ్ళని పేరంటాలుగా కొలిచే గుళ్ళు మన కోస్తా పల్లెల్లో చాలా ఉన్నాయి. నేను ఆ తల్లికి భక్తిగానే దణ్ణం పెడతాను. ఆవిడ పడ్డ కష్టాలకీ, ఆవిడ ధైర్యానికీ దణ్ణం పెడతాను. కానీ అక్కడ నిలబడ్డప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. భర్త పోయాక బతికి, పొలం దున్నించి, పిల్లల్ని చదివించిన వేలమంది ఆడవాళ్ళలో ఒక్కరికైనా ఎక్కడన్నా గుడి కట్టారా? చనిపోయిన ఆవిడ దేవత అయింది, బతికిన ఆవిడ ఎదురొస్తే అపశకునం అయింది. రెండూ ఒకే నమ్మకంలోంచి పుట్టాయి.

మీ అమ్మమ్మ సంగతి నీకు సగమే తెలుసు. తాతగారు పోయినప్పుడు ఆవిడకి ఇంకా యాభై రెండేళ్ళు. అంతకుముందు ఊళ్ళో ఏ పెళ్ళైనా పసుపు దంచడానికి మొదటి పిలుపు ఆవిడకే. పాటలు ఆవిడ ఎత్తుకుంటేనే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ పదో రోజు తర్వాత మళ్ళీ పాడగా నేను వినలేదు. నీ పెళ్ళిలో నీ తలంబ్రాల చీరకి అంచు కుట్టింది ఆవిడే. ముహూర్తం టైముకి మాత్రం వెనక వంటగది పక్క గదిలో కూర్చుంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాను. 'దాని మీద నా నీడ పడకూడదే, నువ్వెళ్ళు' అంది. ఎవరో ఆవిణ్ణి రావద్దని అన్నారనుకుంటావేమో, ఎవరూ అనలేదు. తనే అనుకుంది. ఇన్నేళ్ళుగా మనసులో పడిపోయింది. నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నీడ నీకు చెడు చేస్తుందని ఆవిడే నమ్మింది.

నువ్వు పుట్టి పెరిగిన రాజమండ్రిలోనే కదా కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించింది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినా, మన వైపు చేసి చూపించడానికి పాతికేళ్ళు పట్టింది. అప్పటి అగ్రకులాల్లో ముసలివాళ్ళకిచ్చి పెళ్ళి చేసిన పసిపిల్లలు, బొమ్మలాడుకునే వయసులో గుండు చేయించుకుని మూల కూర్చునేవాళ్ళు. పంతులుగారి పేరు అందరికీ తెలుసు. నాకు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారంటే ఇంకా ఎక్కువ గౌరవం. ఊరు వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే ఆవిడే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, ఆ పెళ్ళిళ్ళకి వంట చేసింది. 1910లో పంతులుగారికంటే తొమ్మిదేళ్ళ ముందే పోయింది. ఐదోతనంతో పోయిందని ఈరోజు ఆవిణ్ణి ఎవరూ తలుచుకోరు. ఆ నీళ్ళ బిందె కోసం తలుచుకుంటారు.

ఇదంతా మన శాస్త్రం, మార్చడానికి మనమెవరం అని మీ ఇంట్లో ఎవరైనా అనొచ్చు. అందుకే రెండు సంగతులు తెలుసుకుని ఉండు. ఒకటి, ఇది తెలుగువాళ్ళందరి ఆచారం ఎప్పుడూ కాదు. చాలా కులాల్లో మారుమనువు తరతరాలుగా ఉంది, ఎవరూ తప్పుపట్టలేదు. మన వీధి చివర ఉన్న ముస్లిం ఆంటీ వాళ్ళాయన పోయినప్పుడు నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించి, ఆ తర్వాత మామూలుగా తన కుట్టుమిషన్ పని మొదలుపెట్టింది. ఆ దుఃఖానికి ఒక గడువు ఉంది. మన ఆడవాళ్ళకే గడువు లేదు.

రెండోది, ఆ పది రోజుల కర్మ పోయినవాళ్ళ కోసం. గరుడ పురాణం చదివించుకుంటున్నారు కదా మీ ఇంట్లో, కాస్త చెవి పెట్టి విను. రోజుకో పిండంతో ఆ ప్రేతానికి తల మొదలుకుని ఒక్కో అవయవం ఏర్పడుతుందనీ, పదో రోజుకి ఆకలి దప్పులు కలుగుతాయనీ, ఆ తర్వాత ఏడాది పాటు యమపురికి ప్రయాణమనీ చెప్తారు. మాసికాలు, సంవత్సరీకం అందుకే. నేను ఆ నమ్మకాన్ని తీసిపారెయ్యను. పోయినవాళ్ళకి ఆకలేస్తుందేమో అని అన్నం పెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. అల్లుడుగారు తండ్రికి ఆ పిండాలన్నీ శ్రద్ధగా పెట్టాలి, ఏదీ మానొద్దు. కానీ ఆవిడ గాజులు పగిలితే అన్నయ్యగారికి ఏం అందుతుంది? ఏ ఆకలి తీరుతుంది? బొట్టు, గాజులు, పువ్వులు పెళ్ళితో వచ్చినవి కావు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే నీకు చుక్క పెట్టాను, చేతికి గాజులు వేశాను.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో 2022 మే నెలలో గ్రామసభ పెట్టి, ఇకపై మా ఊళ్ళో భర్త పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టం, బొట్టు చెరపం అని తీర్మానం చేశారు. ఆ నెలలోనే రాష్ట్రంలో మిగతా పంచాయతీలూ ఆ దారిలో నడవాలని అక్కడి ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. పల్లెటూరి వాళ్ళు ఊరంతా కూర్చుని చేసుకోగలిగారు. మీ ఇంట్లో పదిమందీ కూర్చుని మాట్లాడుకోలేరా?

ఇప్పుడు ఎలా అడగాలో చెప్తాను. జనం ముందు అడగకు. పది మందిలో ఏ ఆడదీ 'నాకు వద్దు' అనలేదు. ఆవిడ స్నానానికి వెళ్ళేటప్పుడో, పడుకునే ముందో పక్కన కూర్చో. 'అత్తయ్యగారూ, ఆ రోజు మీకెలా ఉండాలని ఉంది' అని మాత్రం అడుగు. నువ్వు సమాధానం అందించకు. వెంటనే చెప్పకపోతే మర్నాడు మళ్ళీ అడుగు. ఒకవేళ 'అది చెయ్యకపోతే ఆయన ఆత్మ శాంతించదే' అంటే, వాదన పెట్టుకోకు. నలభై ఏళ్ళు ఆయనతో బతికిన మనిషి. ఆ తంతు అయితేనే తన మనసు కుదుటపడుతుందంటే అది ఆవిడ హక్కు. అప్పుడైనా గాజులు పగలగొట్టకుండా మెల్లిగా తీయమను. గదిలో జనం మూగకుండా చూడు. మర్నాడు పొద్దున్న నువ్వే మొదట ఆవిడ మొహం చూసి కాఫీ ఇవ్వు. పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టు, నలుగురూ చూసేలా.

వద్దంటే మాత్రం ముందు అల్లుడుగారికి చెప్పు. ఆయన తన మేనత్తలతో మాట్లాడాలి, నువ్వు కాదు. కోడలు మాట్లాడితే గొడవవుతుంది, కొడుకు మాట్లాడితే నిర్ణయమవుతుంది. పురోహితుడిగారిని కూడా ఆయన్నే అడగమను. ఈ రోజుల్లో చాలామంది పురోహితులు పట్టుబట్టరు. ఇంట్లోవాళ్ళ ఇష్టం అంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పన్నెండు రోజుల్లో వదినగారి చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దని అల్లుడుగారితో గట్టిగా చెప్పు. ఎవరు ఎంత మంచివాళ్ళైనా సరే. అన్నయ్యగారు వీలునామా రాయకపోతే ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, ఆయన తల్లి బతికుంటే ఆవిడకీ సమాన వాటాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్తుంది. ఆవిడ ఆ ఇంట్లో ఎవరి దయ మీదో ఉండాల్సిన మనిషి కాదని ఆవిడకి తెలియాలి. మరణ నమోదు ఇరవై ఒక్క రోజుల్లోపు చేయిస్తే ఇబ్బంది ఉండదు. సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి. అన్నిచోట్లా అడుగుతారు. అన్నయ్యగారి పెన్షన్ ఆగిపోయి, ఫ్యామిలీ పెన్షన్ ఆవిడ పేరున మొదలవ్వాలి. దానికి బ్యాంకుకి ఆవిణ్ణే తీసుకెళ్ళండి. నువ్వో, అల్లుడుగారో వెళ్ళి పని కానిచ్చేస్తే తేలికే. కానీ ఆ కౌంటర్ దగ్గర ఆవిడే కూర్చుని, ఏటీఎం కార్డు ఆవిడ చేతికే రావాలి. మొదట్లో భయపడుతుంది. తర్వాత నేర్చుకుంటుంది.

నా సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను, మీ నాన్నగారు పక్కనే కూర్చుని వింటున్నారు. ఆయన ముందు పోతే నా బొట్టు జోలికి ఎవరూ రాకూడదు. నీ కూతురి ఓణీల ఫంక్షన్లో నేను ముందు వరసలో కూర్చుంటాను, అక్షింతలు నేనే వేస్తాను. నేను ముందు పోతే 'పుణ్యస్త్రీ' అని ఎవరైనా మురిసిపోతే నువ్వు తల ఊపకు. ఉన్నన్నాళ్ళూ ఎలా ఉన్నానో అది మాట్లాడుకోండి. నాన్నగారికి గ్యాస్ స్టవ్ వెలిగించడం దగ్గర్నుంచి అన్నీ నేర్పుతున్నాను. ఇంటి కాగితాలు, ఎల్‌ఐసీ బాండ్లు, నామినీల పేర్లు ఒక ఫైల్లో పెట్టి బీరువా పై అరలో ఉంచాం. చావు మాట ఎత్తితే తథాస్తు దేవతలు వింటారని మా అత్తగారు భయపడేవారు. నేను ఆ భయం పెట్టుకోలేదు. మాట్లాడుకున్న రోజు నుంచి మా ఇద్దరికీ మనసు తేలికగా ఉంది.

మేము తొమ్మిదో రోజు సాయంత్రానికి వస్తాం. వదినగారి తమ్ముడు పుట్టింటి చీర తెస్తాడు కదా. తెల్లదే తేవాలని అతనికి ఎవరైనా చెప్పి ఉంటే నేను మాట్లాడతాను. నేనూ ఒకటి తెస్తున్నాను. ఆవిడకి మెంతి రంగు ఇష్టమని నీ సీమంతంలో అన్నట్టు గుర్తు. అదేనో కాదో కనుక్కుని రేపు రాత్రిలోగా ఫోన్ చెయ్యి, ఎల్లుండి పొద్దున్నే షాపుకి వెళ్తాను. ఆవిడ ఏమందో కూడా చెప్పు.

అమ్మ