తొమ్మిదో మునుం

పర్లాకిమిడి దగ్గర, మా ఊరు
ఆగస్టు 30, రాత్రి

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కోపంగా ఉంటావని తెలుసు. రెండుసార్లు నీ ఫోన్ ఎత్తలేదు, మూడోసారి ఎత్తి "మడిలో ఉన్నాను" అని పెట్టేశాను. తప్పే, క్షమించు. కానీ మూడు వారాలుగా నిజంగానే మడిలో ఉన్నాన్రా, పొద్దున ఆరింటికి దిగితే ఎండ నెత్తికెక్కేదాకా. కాళ్ళ వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి అమ్మ రోజూ పసుపూ నూనే రాస్తోంది.

ఇక్కడి కబుర్లు గబగబా చెప్పేస్తాను. నాన్న మోకాలు కాస్త నయం. చెల్లి సంబంధం పాతపట్నం వాళ్ళతోనే ఖాయమైంది, మాఘంలో ముహూర్తం అంటున్నారు, నువ్వు రాకపోతే అమ్మ ఇక నీతో మాట్లాడదట. మహేంద్రతనయకి ఈసారి నీళ్ళు బాగానే వచ్చాయి. 2018లో తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల చోట మనిద్దరం పాతిన వాటిలో ఒకటి కాపుకొచ్చింది. నువ్వు పాతింది కాదు, నేను పాతింది! ఆ పందెం డబ్బులు వచ్చినప్పుడు ఇద్దువుగాని.

ఇక అసలు సంగతి. దీన్ని ఫోన్‌లో చెప్తే నువ్వు మధ్యలోనే "సరే, చివరికేమైంది?" అంటావు. అందుకే రాస్తున్నాను. చిన్నాన్న రేపు పొద్దున్నే బయల్దేరి హైదరాబాదు వస్తున్నాడు, పనస తాండ్రతో పాటు ఈ ఉత్తరం కూడా నీకు ఇస్తాడు.

నా పరిశోధన సంగతి నీకు సగమే తెలుసు. వరి మడిలో కలుపు తీసే రోబో అని చెప్పాను కదా. అది ఒక సగం. రెండో సగం మా మేనేజ్‌మెంట్ విభాగం మేడం గారిది: రోబో దిగితే కలుపు తీసే ఆడవాళ్ళ పని ఎలా మారుతుంది, నడుం నొప్పి తగ్గుతుందా, ఎవరు ఎంత పని చేస్తున్నారు, పనిని ఎలా పంచితే బాగుంటుంది. రెండూ కలిపి నాకే అప్పగించారు. ట్రయల్‌కి చోటు వెతుకుతుంటే మన ఊరి మడే పెడదామన్నాను. ఉభాలు, అంటే నాట్లు, చాళ్ళు తీసి వేయించాం, చాలుకీ చాలుకీ 25 సెంటీమీటర్లు, లేకపోతే రోబో నడవదు.

రోబోకి మేం పెట్టుకున్న పేరు బాతు. ఆ మాట వినగానే నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. రామాలయం చెరువు గట్టు, నీ ఎర్ర నిక్కరు. ఇంకెవరికీ చెప్పలేదులే. ఈ పేరు మాత్రం జపాన్ నుంచి వచ్చింది. అక్కడ తకావో ఫురునో అనే రైతు వరి మడిలో బాతుల్ని వదిలి కలుపు పని వాటి చేత చేయించే పద్ధతికి పేరు తెచ్చాడు. తర్వాత అక్కడివాళ్ళే నీళ్ళమీద తేలే రోబో ఒకటి తయారుచేశారు. అది బురద కెలికి నీళ్ళని మురికి చేస్తుంది, వెలుతురు అందక కింద కలుపు మొలవదు. మాది తేలదు, నడుస్తుంది. ట్రాక్టరు కేజ్ వీల్‌లాంటివే చిన్న ఇనప చక్రాలు, చాళ్ళ మధ్య తిరిగే కోనో వీడర్ (చేత్తో తోసే కలుపు యంత్రం) పళ్ళు, పైన గొడుగు కింద ఒక కెమెరా. చాళ్ళ మధ్య కలుపుతో పేచీ లేదు, పళ్ళు కలియదున్నేస్తాయి. మొక్కకీ మొక్కకీ మధ్య, వరి కుదురుని ఆనుకుని లేచే కలుపుతోనే వస్తుంది చిక్కంతా. అక్కడ ఏది వరో ఏది కలుపో కెమెరా తేల్చి చెప్పాలి. దానికోసం ఆరు నెలలు ల్యాబ్‌లో కూర్చుని వేల ఫొటోల మీద గళ్ళు గీసి "వరి", "కలుపు" అని లేబుళ్ళు వేశాం.

మొదటి వారం కూలోళ్ళ పని లెక్క. తొమ్మిదిమంది ఆడవాళ్ళు. ఆరుగురు మన ఊరివాళ్ళు, ముగ్గురు కొండమీది నుంచి వచ్చిన సవర అమ్మాయిలు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, చేతికి గుండె వేగం కొలిచే పట్టీ, గట్టుమీద నేను స్టాప్‌వాచ్‌తో. ఎవరి మునుం, అంటే మడిలో ఎవరి వంతుకొచ్చిన పట్టీ, ఎంతసేపట్లో పూర్తయిందో రాసుకోవడం నా పని.

ప్రశ్నలు కూడా ఉన్నాయి. నాసా వాళ్ళు 1988లో తయారుచేసిన ఆరు ప్రశ్నలు, విమానం నడిపేవాళ్ళ శ్రమ కొలవడానికి పుట్టినవి. ఇంకోటి ఎంత శ్రమ అనిపిస్తోందో అంకెలో చెప్పించే, స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ స్కేలు, 6 నుంచి 20 దాకా, ఆ అంకెని పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం వస్తుందని ఆయన లెక్క. మా ఇన్‌స్టిట్యూట్‌లో వీటిని తెలుగు చేయించి ఇచ్చారు. ఒక ప్రశ్న వింటావా: "ప్రస్తుత కార్యనిర్వహణలో మీ శారీరక శ్రమ యొక్క తీవ్రతను సూచించుము." నేను గట్టుమీద నిలబడి అది పైకి చదివాను. ఒక అత్త చేతిలో తుంగ పట్టుకుని అలాగే నా మొహం చూస్తూ ఉండిపోయింది. "పెళ్ళి మంత్రమేటి బాబూ?" అని అడిగింది. అందరూ ఒకటే నవ్వు.

నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది బావా. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఈ పక్కనే. జనం మాట్లాడే తెలుగే పుస్తకంలో ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. సవరలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని పుస్తకాలు రాశాడు. నిన్ననే ఆయన పుట్టినరోజు. ఆయన తిరిగిన నేలమీద నిలబడి నేను "తీవ్రతను సూచించుము" అంటున్నాను. ఆ రాత్రే కూర్చుని ప్రశ్నలన్నీ తిరగరాశాను. "నడుం ఎంత లాగుతోంది? వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా? తొందర పెడుతున్నట్టు ఉందా?" ఆ ముగ్గురిలో ఒకమ్మాయి వాటిని సవరలో అడిగి పెట్టింది. మర్నాటి నుంచి జవాబులు ఆగకుండా వచ్చాయి. కాగితం చాల్లేదు.

సరే, లెక్కల్లో ఏం తేలిందంటే, తొమ్మిదో నంబరు అందరికంటే వెనక. ఆమె మీ పాత వీధిలో ఉండే మామ్మ, మన స్కూలు గేటు దగ్గర రేగ్గాయలు అమ్మేది, నీకు ఎప్పుడూ గుప్పెడు ఎక్కువ వేసేది, గుర్తొచ్చిందా? డెబ్బై దాటి ఉంటాయి. మిగతావాళ్ళు మునుం ముగించి గట్టెక్కి నీళ్ళు తాగుతుంటే ఆమె ఇంకా సగంలో ఉండేది. నాలుగో నంబరు ఇంకో రకం. ఒకరోజు అందరికంటే ముందు, ఒకరోజు చాలా వెనక, లెక్క ఎందులోనూ కుదరదు. షీట్‌లో మామ్మ వరస ఎర్రరంగులో వచ్చింది, అంటే పనితనం తక్కువ అని. నేను దాన్ని అలాగే మేడంకి పంపేశాను. పంపేశాన్రా, ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. దాని గురించి తర్వాత చెప్తాను.

గురువారం బాతుని మడిలో దింపాం. మొదటి చాలు చక్కగా వెళ్ళింది. ఊళ్ళో పిల్లలంతా గట్టుమీదే. రెండో చాలులో ఎండ నీళ్ళమీద తళతళలాడి కెమెరాకి ఏమీ కనబడక ఆగిపోయింది. గొడుగుకి నాన్న పాత పంచె చుట్టూ వేలాడదీసి మళ్ళీ నడిపించాం. నాలుగో చాలులో మామ్మ వచ్చింది. బాతు వెనకే వంగి నడుస్తూ, అది వదిలేసిన వాటిల్లోంచి ఒక్కొక్క మొక్క పీకి ఒళ్ళో వేసుకుంటోంది. నేను కంగారుగా అరిచాను: "మామ్మా, అది వరి! పీకకు!"

ఆమె తలెత్తలేదు. "వరేటి బాబూ, ఊద."

నా దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, తెరమీద ఆ మొక్క చుట్టూ ఆకుపచ్చ గడి ఉంది, లోపల "వరి" అని ఉంది. చూపించాను. ఆమె తెరవైపు చూసి, నావైపు చూసి, "రా, దిగు" అంది. ప్యాంటు మడిచి దిగాను. ఆమె రెండు మొక్కలు పట్టుకుంది, ఎడమచేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి. పైనుంచి చూస్తే కవలలే. అదే పచ్చదనం, అదే ఎత్తు, ఆకు వెడల్పు కూడా అంతే. అప్పుడు ఎడమచేతి మొక్క ఆకుని బొటనవేలితో మెల్లిగా వెనక్కి వంచింది, ఆకు కాడని వదిలి బయటికి తిరిగే చోట. అక్కడ ఉల్లిపొరలా పల్చటి తెల్లటి పొర నిలబడి ఉంది, కొస రెండుగా చీలి. దానికి అటూ ఇటూ నూగున్న బుల్లి కొడవళ్ళలాంటి చెవులు. "ఇది వరి." కుడిచేతి మొక్క వంచింది. ఏమీ లేదు. బోడిగా నున్నగా ఉంది. "ఇది ఊద. మొదలు సూడాల. మీ బాతు నెత్తిమీంచి సూత్తంది."

బావా, ఆ పొర సంగతి వృక్షశాస్త్రం పుస్తకంలో నేను చదివాను. లిగ్యూల్ అంటారు, వరికి ఉంటుంది, ఊదకి ఉండదు. పరీక్షలో బొమ్మ కూడా వేశాను. కానీ ఫొటోలకి లేబుళ్ళు వేసినప్పుడు మాలో ఒక్కరికీ అది తట్టలేదు, ఎందుకంటే మా ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. కెమెరా ఆ మడిలో గుర్తుపెట్టిన ఒక్కో మొక్క దగ్గరికీ వెళ్ళి చూశాం, మామ్మా నేనూ, సాయంత్రం దాకా. అది "వరి" అన్న వాటిలో ఎన్నో ఊదలే. అంటే కెమెరా తప్పు చేయలేదు. మేం నేర్పిన తప్పునే బుద్ధిగా అప్పజెప్తోంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదువుతూ కూర్చుంటే ఇంకో సంగతి దొరికింది, అది చదివాక ఒళ్ళు జలదరించింది. ఊద మొదటినుంచీ ఇలా వరిలా లేదట. తరతరాలుగా మనుషులు చేత్తో కలుపు తీస్తుంటే, వరికి భిన్నంగా కనిపించిన ఊదంతా పీకేస్తుంటే, వరిలా కనిపించినవే మిగిలి గింజ రాల్చాయి. అలా అలా అది వరి వేషం వేసుకుంది. ఇలా పైరుని అనుకరించే కలుపు గురించి రాసిన శాస్త్రవేత్త వావిలోవ్ అనే రష్యావాడు. రై అనే పంట కూడా అలాగే గోధుమలో కలుపుగా ఉండి ఉండి పంటైపోయిందన్నాడు. లోకమంతా తిరిగి విత్తనాలు పోగుచేసిన ఆ మనిషి 1943లో జైల్లో తిండిలేక చచ్చిపోయాడు... అది ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు రాస్తే ఏడుపొస్తుంది.

నేను చెప్పేది అర్థమవుతోందా? ఊద ఆ వేషం వేసింది మామ్మ లాంటి వాళ్ళ కళ్ళకి భయపడి. వాళ్ళ అమ్మ, వాళ్ళ అమ్మమ్మ, ఆ పై వాళ్ళు. వందల ఏళ్ళుగా ఆ కళ్ళకీ ఆ మొక్కకీ పోటీ. ఆ పోటీలోకి మేం ఆరు నెలల ఫొటోలతో దిగాం.

ఇప్పుడు ఆ ఎర్రరంగు వరస సంగతి. మర్నాడు స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ఊరికే చూశాను. మామ్మ తన మునుం ఒక్కటే తీయడం లేదు. అందరూ ముందుకి వెళ్ళాక, వాళ్ళ మునాల్లో మిగిలిపోయిన ఊదని అడ్డంగా నడుస్తూ ఏరుకొస్తోంది. అందుకే ఆలస్యం. నాలుగో నంబరు అత్త, జ్వరం నుంచి లేచి వచ్చిన ఆరో నంబరు పిల్ల వెనకబడ్డ రోజున తన మునుం ఆపి ఆమెది అందుకుంటోంది. అందుకే ఆమె లెక్క కుదరలేదు. నేను అడిగితే మామ్మ అంది: "మడి ఒకటే కదా బాబూ, మనిసికో మడి ఏటి?"

నా షీట్‌లో మనిషికో మడే ఉంది. 1911లో టేలర్ అనే అమెరికా ఇంజనీరు స్టాప్‌వాచ్ పట్టుకుని ఇనప దిమ్మెలు మోసే కూలివాడి చేత రోజుకి 12.5 టన్నులకి బదులు 47 టన్నులు మోయించానని రాశాడు. మేనేజ్‌మెంట్ పాఠాలు అక్కడే మొదలవుతాయి. ఆ లెక్కలో ఒకడి పని ఇంకొకడు అందుకునే గడి ఉండదు. నా షీట్ కూడా ఆ లెక్కకి మనవరాలే. మడిలో అందరికంటే మంచి కన్నున్న మనిషిని అది అందరికంటే చివర పెట్టింది, నేను దానికింద సంతకం పెట్టాను.

శనివారం మేడంకి ఫోన్ చేశాను. చేతులు వణికాయి. అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదావిడ. తర్వాత "పాత షీట్ తీసేయకు, అలాగే ఉంచు, పక్కన కొత్తది మొదలుపెట్టు. మడిని కొలువు, మనుషుల్ని విడివిడిగా కొలవకు" అన్నారు. మా సార్ రెండో కెమెరాకి ఒప్పుకున్నారు, చక్రం పక్కన, మొక్క మొదలుని చూసేలా. లేబుళ్ళు మళ్ళీ వేస్తాం, ఈసారి మామ్మ పక్కన కూర్చుంటుంది. కూర్చున్న రోజులకి కూలి ఇవ్వాలని అడిగాను, నిపుణురాలి పద్దు కింద. ఇంకా తేల్చలేదు. తేలేదాకా వదలను. పరిశోధన పేపర్లో ఆమె పేరు కూడా ఉండాలని

అమ్మ పిలిచింది, మళ్ళీ వచ్చాను. ఏం రాస్తున్నానో... ఆఁ, నీ గోడౌన్. నువ్వు ఉత్తరంలో రాశావు కదా, చేతిలో స్కానరు, గంటకి ఇన్ని పెట్టెలని తెరమీద అంకె, ఆ అంకె తక్కువున్నవాళ్ళని నెలాఖరుకి తీసేసే పని నీ మీద పడుతోందని, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదని. ఆ ముక్కకి జవాబు ఎలా రాయాలో తెలియకే ఇన్నాళ్ళూ ఆగిపోయాను. ఇప్పుడు ఒక్కటి అడుగుతాను. రేపు డ్యూటీకి వెళ్ళాక ఆ అంకె చూడకుండా ఒక గంట ఊరికే నిలబడి చూడు, అందరికంటే వెనకున్న మనిషి ఆ సమయంలో ఏం చేస్తోందో. చూసి నాకు రాయి. అంతా రాయి, ఏ చిన్నదీ వదలకు

ఆటో వచ్చేసింది, చిన్నాన్న వీధిలోంచి కేకలేస్తున్నాడు. తెల్లారిపోయిందిరా, నేను గమనించనే లేదు. తాండ్ర సగం మీ అమ్మకి

నీ
బావ