వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం చూసిన ఫ్రెంచి మగ్గాలు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నాడు జరిగిన సర్వసభ్య సమావేశంలో మన పెద్దాయన ఒకరు లేచి అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. "పండగలు బాగానే చేసుకుంటున్నాం. ఇన్నేళ్లుగా ఈ ఫ్రాన్సు దేశం ఉప్పు తింటున్నాం కదా, వీళ్ల చేతిపని ఏంటో ఒక్కసారైనా దగ్గరికెళ్లి చూశామా?" అన్నారు. ఆయన గద్వాల నేత ఇంట పుట్టినవారు. ఆ మాట పట్టుకునే ఈసారి కమిటీ నాలుగు యాత్రలు, పిల్లలకు ఒక నేత శిబిరం పెట్టింది. సంక్రాంతి, ఉగాది, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి, ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఆ నేత సంగతే రాస్తున్నాను.

మొదట పారిస్‌లోని క్లూనీ మ్యూజియానికి వెళ్లాం. అక్కడ 1500 ప్రాంతంలో నేసిన ఆరు పెద్ద టాపెస్ట్రీలు, అంటే బొమ్మలు నేసిన గోడ తెరలు ఉన్నాయి. ఎర్రటి నేల మీద వేల పువ్వులు, మధ్యలో ఒక దొరసాని, ఒకవైపు సింహం, ఇంకోవైపు ఒంటికొమ్ము గుర్రం. ఐదు తెరలు ఐదు ఇంద్రియాలని, ఆరోదాని అర్థం మీద ఇప్పటికీ వాదనలు ఉన్నాయని గైడ్ చెప్పారు. ఇవి బూసాక్ కోటలో తేమకు పాడైపోతుంటే 1841లో పాత కట్టడాల బాగోగులు చూసే ప్రభుత్వ అధికారి ప్రొస్పర్ మెరిమే చూసి, కాపాడాలని పట్టుబట్టారు. 1882లో మ్యూజియానికి చేరాయి.

మనలో చాలామంది వాటిని రంగులు వేసిన గుడ్డలు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పెద్దాయన మాత్రం కళ్లజోడు సర్దుకుని, గార్డు అనుమతించినంత దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. "ఇది అద్దకం కాదమ్మా, నేతే. పేక ఈ అంచు నుంచి ఆ అంచుకి పోవట్లేదు చూడు" అన్నారు. టాపెస్ట్రీ రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. మామూలు బట్టలో అడ్డంగా వేసే పోగు, అంటే పేక, నాడెతో పాటు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా వెళ్తుంది. ఇక్కడ ఎర్ర దారం ఎరుపు ఉన్నంత మేరే వెళ్లి వెనక్కి తిరుగుతుంది, పక్కనే నీలం దారం తన మేరకు తిరుగుతుంది. పేకను దువ్వెనతో ఎంత గట్టిగా దించుతారంటే పడుగు, అంటే నిలువు పోగు, అసలు కనపడదు. గద్వాల కుప్పడం చీరలో నడిమి భాగం పేకను, అంచు పేకను ఒకదానికొకటి మెలేసి కలుపుతారు కదా, ఆ పనిని చీర అంచు దగ్గర ఆపకుండా గోడంతా చేశారనుకోండి. రెండు రంగులు నిలువుగా కలిసేచోట మెలేయకపోతే సన్నటి చీలిక మిగిలిపోతుంది. దాన్ని తర్వాత సూదితో కుడతారు.

రెండో యాత్ర మనకు మెట్రో దూరమే, పదమూడో వార్డులోని గోబ్లాన్ మగ్గాలశాల. పదిహేనో శతాబ్దంలో బియెవ్ర్ ఏటి ఒడ్డున స్థిరపడిన రంగులద్దే కుటుంబం పేరు అది. 1662లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్‌బేర్ రాజు తరఫున ఆ ఆవరణ తీసుకుని, నేతపనివాళ్లను అక్కడికి చేర్చాడు. వాళ్లలో కొందరు ఆర్థిక మంత్రి ఫూకే సొంతంగా పెట్టుకున్న మగ్గాల నుంచి వచ్చినవాళ్లు. ఆయన 1661లో జైలుకు వెళ్లడంతో ఆ మగ్గాలు రాజు పరమయ్యాయి. బొమ్మల బాధ్యత చిత్రకారుడు ల బ్రున్‌ది. 1667లో లూయీ స్వయంగా అక్కడికి వచ్చాడు, ఆ రాకను కూడా మగ్గం మీదే నేసిపెట్టారు.

అక్కడ మగ్గాలు నిలువుగా ఉంటాయి. నేసేవారు వాటి వెనక కూర్చుంటారు, అంటే వాళ్ల కళ్ల ముందున్నది బట్ట వెనకవైపు. బొమ్మ గీతల్ని ముందే సిరాతో పడుగు మీద గుర్తు పెట్టుకుంటారు, నమూనా వీపు వెనక వేలాడుతుంటుంది. ముందువైపు ఎలా వస్తోందో చూడాలంటే పడుగుకు అవతల పెట్టిన అద్దంలో చూసుకోవాలి. మేం చూసిన ఆవిడ చేతిలో దారం చుట్టిన చెక్క కండె ఉంది, ఒక కొస సూదిలా ఉంటుంది. ఎడమచేత్తో నాలుగైదు పోగులు తప్పించి, కండె దూర్చి, వెనక్కి తెచ్చి, ఆ కొసతోనే దారాన్ని కిందకి పొడిచారు. అద్దంలోకి ఒకసారి చూశారు, ఆ వరస విప్పేశారు, ఇంకాస్త ముదురు రంగు కండె తీసుకున్నారు. మేం ఉన్న అరగంటలో గోరంత పెరిగిందేమో. ఒక మనిషి ఏడాదంతా పనిచేస్తే సుమారు ఒక చదరపు మీటరు అవుతుందట. అక్కడి నేతపనివాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్లు నేసింది బజారుకు రాదు. నెలజీతం తీసుకుంటూ చేతిమగ్గం నేసేవాళ్లను నా జీవితంలో మొదటిసారి చూశాను. మన ఊళ్లలో మజూరీకి నేసేవాళ్లు గుర్తొచ్చి కాసేపు ఎవరం మాట్లాడలేదు.

షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824 నుంచి అక్కడి అద్దకాల విభాగం చూశాడు. నల్ల దారం నల్లగా ఉండట్లేదని ఫిర్యాదు వస్తే పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోంది. దాని మీద 1839లో ఆయన వేసిన పుస్తకాన్ని తర్వాత చిత్రకారులు ఎంతో చదువుకున్నారు.

మనకు సంబంధించిన సంగతి ఒకటి. ఇదే కోల్‌బేర్ 1664లో బోవే పట్టణంలో ఇంకో రాజ మగ్గాలశాల పెట్టించాడు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కూడా అదే ఏడాది పుట్టింది. 1669లో ఆ కంపెనీ మచిలీపట్నంలో దిగింది. మన అద్దకం బట్టలు ఫ్రాన్సులో ఎంతగా అమ్ముడయ్యాయంటే, స్థానిక నేతను కాపాడాలని 1686లో వాటిని నిషేధించారు, 1759 దాకా ఎత్తలేదు. యానాం మూలాలున్న మన కుటుంబాలు ఈ కథ విన్నప్పుడు అడిగిన ప్రశ్నలతో గైడ్ గారికి భోజనం వేళ దాటిపోయింది. అన్నట్టు, గోబ్లాన్‌లో "ఇండీస్" పేరుతో నేసిన ప్రసిద్ధ తెరలున్నాయని విని మనవాళ్లు ఆశపడ్డారు. వాటిలోని చెట్లూ జంతువులూ మనుషులూ ఎక్కువగా బ్రెజిల్ వాళ్లవి, డచ్చి చిత్రకారులు అక్కడికెళ్లి గీసుకొచ్చిన బొమ్మల్లోంచి తీసుకున్నవి.

ఇంత కష్టపడి నేసింది ఎందుకు వాడేవాళ్లని పిల్లలు అడిగారు. రాతికోటల్లో చలి గోడల్లోంచి వస్తుంది, ఉన్ని తెర కొంత ఆపుతుంది. రాజులు కోట నుంచి కోటకు తిరిగేవాళ్లు, తెరలు చుట్టి బండిలో వేసుకుంటే వెళ్లినచోటల్లా దర్బారు సిద్ధం. 1400లో ఆర్ల్ పట్టణంలో ఒక రాజు పెళ్లికి ఆర్చ్‌బిషప్ భవనం ముంగిలంతా తెరలతో కప్పారు. పద్దెనిమిదో శతాబ్దానికి ఇళ్ల తీరు మారింది. తెరలు చెక్క చట్రాల్లో గోడకు బిగిసిపోయాయి, కుర్చీలకూ సోఫాలకూ అదే నేత ఎక్కింది. బోవేలో ఊద్రీ, బూషే లాంటి చిత్రకారుల బొమ్మలు నేశారు. ఇంగ్లండ్‌లోని క్రూమ్ కోర్ట్ అనే భవనం కోసం గోబ్లాన్‌లో నేసిన ఒక గది మొత్తం, గోడలూ కుర్చీలూ ఒకే రంగులో, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అటువైపు వెళ్లే సభ్యులు తప్పక చూడండి. అయితే ఆ కాలంలో నేత తైలవర్ణ చిత్రాన్ని అనుకరించబోయి వందల ఛాయల వెంట పడింది. ఆ సన్న ఛాయలే ముందుగా వెలిసిపోయాయి. నా మట్టుకు క్లూనీలోని కొద్ది రంగుల పాత నేతే గొప్పగా అనిపించింది.

మూడో యాత్ర ఆంజే కోట. 1373 ప్రాంతంలో అంజూ ప్రభువు మొదటి లూయీ చేయించిన అపోకలిప్స్ (బైబిల్లోని లోకాంతం కథ) తెరలు అక్కడ ఉన్నాయి. మొదట సుమారు 140 మీటర్ల పొడవు, ఇప్పుడు మిగిలింది 100 మీటర్లకు కాస్త ఎక్కువ. ఫ్రెంచి విప్లవం రోజుల్లో వాటిని ముక్కలు చేసి పట్టాలుగా పరిచారు, నారింజ మొక్కలకు చలి తగలకుండా కప్పారు, గుర్రపుశాలలో వాడారు. ఆ ముక్కల్ని పందొమ్మిదో శతాబ్దంలో ఒక చర్చి అధికారి ఏరి కుట్టించారు. రంగులు పోకుండా ఆ హాల్లో వెలుతురు బాగా తగ్గించి ఉంచుతారు, పెద్దవాళ్లు చేతులు పట్టుకుని నడిచారు. వీటి వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంటుందట, ఎండ తగలక అక్కడి రంగులు ఇంకా తాజాగా ఉన్నాయట. 1797లో బంగారం, వెండి దారాల కోసం రాజుల తెరలను ప్రభుత్వమే కాల్చిందని అక్కడే తెలిసింది. అది వినగానే మన సభ్యురాలు ఒకావిడ కళ్లు తుడుచుకున్నారు. వాళ్లమ్మ పెళ్లి పట్టుచీరను జరీలోని వెండి కోసం పాత చీరలవాడికి వేశారట. వాడు దాన్ని ఏం చేస్తాడో అందరికీ తెలుసు.

నాలుగోది ఒబుసోన్. అద్దె బస్సు రెండు గంటలు ఆలస్యంగా రావడంతో అందరం టెన్షన్ పడ్డాం, మధ్యాహ్నం చూడాల్సిన ఒక వర్క్‌షాప్ తప్పిపోయింది. అందుకు కమిటీ తరఫున క్షమాపణ. క్రూజ్ నది పక్కన ఉన్న ఆ చిన్న ఊరికి 1665లో రాజ గుర్తింపు వచ్చింది. 1685లో ప్రొటెస్టెంట్ల మీద కట్టడి రావడంతో చాలామంది నేతపనివాళ్లు దేశం విడిచారు. 1939లో వచ్చిన చిత్రకారుడు జాన్ లుర్సా కొద్ది రంగులు, మోటు దారంతో ఆ నేతకు మళ్లీ ఊపిరి పోశాడు. యునెస్కో 2009లో గుర్తించింది, 2016 నుంచి పెద్ద మ్యూజియం ఉంది. ఇక్కడి మగ్గం పడుకుని ఉంటుంది, పడుగు కింద నమూనా, కాళ్ల కింద తొక్కుడు చెక్కలు. అది చూసి పెద్దాయన నవ్వారు. "గుంట తవ్వితే మన గుంటమగ్గమే" అన్నారు.

శిబిరంలో పిల్లలు చెక్క చట్రాల మీద నూలు పడుగు బిగించి, ఉన్నితో అరచేయంత నేత నేశారు. మొదటి వారం అందరి నేతా మధ్యలో నడుములా సన్నబడిపోయింది, పేక మరీ లాగడం వల్ల. వదులుగా వంపు ఇచ్చి తర్వాత దించాలని పెద్దాయన చూపించాక దారికొచ్చింది. ఒక పాప మామిడి పిందె నేయబోతే నిలువు చీలిక వచ్చింది. కుట్టకుండా అలాగే ఉంచుతానంది, ఉంచాం.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు ఓటుకు పెడుతున్నాం. ఒకటి బోవే యాత్ర. రెండోది, మన ఇళ్లలోని పాత నేత చీరలు ఒకరోజు తెచ్చి, ఏ ఊరిదో, ఎవరు నేశారో తెలిసినంత రాసిపెట్టడం. దయచేసి ఈలోగా ఎవరూ పాత జరీ చీరలు అమ్మేయకండి. పిల్లల చట్రాలు హాలు వెనక అల్మరాలో ఉన్నాయి, పేర్లు రాసి ఉన్నాయి, సమావేశం అయ్యాక తీసుకెళ్లండి.

— కార్యదర్శి