ఇంటిల్లిపాదికీ ఒకే వంట

ఒరేయ్ రఘూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినవాటికి అప్పటికప్పుడు పొడిపొడిగా ఏదో చెప్పాను గానీ, అవి ఫోన్లో తేలే సంగతులు కావని ఇలా రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు, చెల్లెమ్మకి కూడా వినిపించు. బాబిగాడికి పాలు, పల్లీలు రెండూ అలర్జీ అని తేలడం, అదే సమయంలో చెల్లెమ్మని ఎవరో గోధుమలు మానెయ్యమనడం, పైగా మీ నాన్నగారు మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి అనడం, ఇన్నీ ఒక్కసారే మీద పడితే ఎవరికైనా టెన్షనే. మా ఇంట్లో సంగతి నీకు తెలుసుగా. అమ్మకి గోధుమ పనికిరాదు, చిన్నికి పల్లీలు, జీడిపప్పు, పిస్తా పడవు, వాసంతికి పాలు తాగితే కడుపుబ్బరం. వంట నా చేతిలోనే ఉంది కాబట్టి నాకు తెలిసినదంతా నీకు చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మనిషికో వంట మొదలుపెట్టకు. కొత్తలో అందరికీ అదే తోస్తుంది, బాబుకి విడిగా, ఆవిడకి విడిగా, పెద్దవాళ్ళకి మామూలుగా అని. నాలుగు గిన్నెలు పొయ్యి మీద ఉన్నప్పుడు ఒకదానిలో పెట్టిన గరిటె ఇంకోదానిలోకి వెళ్ళకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, ఆ కంగారులోనే ప్రమాదం జరిగేది. అదీగాక పిల్లవాడు రోజూ తన కంచంలోకీ పక్కవాళ్ళ కంచంలోకీ మార్చి మార్చి చూసుకుంటాడు, అది నేను చూడలేను. అందరూ తినగలిగిన కూర ఒకటి, పప్పు ఒకటి, చారు ఒకటి చెయ్యి, ఇల్లంతా అదే తినాలి. ఎవరికైనా నెయ్యి, పెరుగు కావాలంటే వాళ్ళ కంచంలో, వాళ్ళ చెంచాతో, చివర్లో వేసుకుంటారు. మీ నాన్నగారితో సహా.

ఇది మనకి కష్టమేమీ కాదురా, నిజంగా. అన్నం, పప్పు, పులుసు, వేపుడు, రోటి పచ్చడి, ఇడ్లీ, పెసరట్టు, వీటిలో గోధుమా లేదు పాలూ లేవు. రోజూ రొట్టె మీద బతికే ఇళ్ళల్లో గోధుమ పడకపోతే ఉండే బాధతో పోలిస్తే మన వంట సగం దారిలో ఉన్నట్టే. గొడవంతా పోపులో పడేవాటితో, గుజ్జు కోసం నూరి వేసేవాటితో, బయట నుంచి ప్యాకెట్లలో వచ్చేవాటితో.

ఇంగువనే తీసుకో. మనం కొనే డబ్బా ఇంగువ ఒట్టి ఇంగువ కాదు, ఘాటు తగ్గించడానికి పిండి కలుపుతారు, ఆ పిండి చాలావాటిలో మైదానో గోధుమపిండో. డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది, చూడు. అమ్మ చపాతీ, బొంబాయి రవ్వ, సేమ్యా అన్నీ మానేసినా చారులో, అప్పడాల్లో, కొన్న సాంబారు పొడిలో, ఆవకాయలో ఈ ఇంగువ రూపంలో గోధుమ లోపలికి పోతూనే ఉంటుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అదే వాడుతున్నాను. సోయాసాస్‌లో కూడా మామూలుగా గోధుమ ఉంటుంది. మీ హైదరాబాద్ హలీమ్ సంగతి వేరే చెప్పాలా, దానిలో దంచిన గోధుమలే అసలు సరుకు.

అమ్మది ఎలా బయటపడిందో చెప్తాను, చెల్లెమ్మకి పనికొస్తుంది. షుగర్ కదా అని రాత్రిళ్ళు అన్నం మాని చపాతీల్లోకి దిగింది. నీరసం, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టకపోవడం. ఒక డాక్టరుగారికి సీలియాక్ అని అనుమానం వచ్చి టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు, తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి పిసరంత ముక్క తీసి చూస్తే ఖాయమైంది. ఇది అలర్జీ కాదు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీను తగిలినప్పుడల్లా ఒంట్లో మనల్ని కాపాడాల్సిన వ్యవస్థే పేగు గోడని దెబ్బతీస్తుంది. పైకి ఏమీ కాలేదనిపించినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది, అందుకే ఒక్క ముక్కకేమవుతుంది అనే మాటకి మా ఇంట్లో చోటు లేదు. చెల్లెమ్మ మాత్రం పరీక్ష చేయించుకోకుండా గోధుమ మానవద్దు. మానేశాక చేయిస్తే ఆ పరీక్షల్లో జబ్బు ఉన్నా కనపడకపోవచ్చు. ముందు గోధుమ తింటూనే పరీక్ష, ఆ తర్వాత డాక్టరు ఏం చెప్తే అది. ఎవరో చెప్పారని జీవితాంతం మానుకోవాల్సిన తిండి కాదు అది, జబ్బు ఉందని తేలితే జీవితాంతం వేలితో ముట్టుకోవాల్సిన తిండీ కాదు.

తేలితే గనక జొన్న, సజ్జ, రాగి, కొర్ర అన్నీ తినొచ్చు, వాటిలో గ్లూటెన్ లేదు. అయితే పిండిమర దగ్గర జాగ్రత్త. మనకి ముందు వాళ్ళు గోధుమలు పట్టించుకుని వెళ్ళుంటారు, ఆ రాళ్ళ మధ్య మిగిలిన పిండి మన జొన్నపిండిలో కలుస్తుంది. మేము జొన్నలు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే ఆడించుకుంటాం. పిండిని మాత్రం బాగా మరిగిన నీళ్ళతో కలపాలి, గోధుమపిండికి సాగే గుణం గ్లూటెన్ వల్ల వస్తుంది, జొన్నకి అది లేదు కాబట్టి వేడినీళ్ళకి పిండి కాస్త ఉడికి జిగురు రావాలి. అప్పుడే చేత్తో తడుతుంటే అంచులు పగలవు. రాత్రికి అమ్మకి జొన్నరొట్టె, మాకూ అదే.

ఇక పాలు. ఇక్కడ మా ఇంటి లెక్క మీకు పనికిరాదు, అది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. వాసంతికి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగదు, దాన్ని అరిగించే ఎంజైమ్ మనలో చాలామందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత పులుపుగా మారిపోతుంది కనక ఆవిడ పెరుగు తింటుంది, మజ్జిగ తాగుతుంది, నెయ్యి వేసుకుంటుంది, కాఫీ ఒక్కటే కష్టం. బాబిగాడిది అలా కాదు, వాడికి పడనిది పాలలోని ప్రోటీను. పెరుగైనా మజ్జిగైనా అది పోదు, ఎంత కాచినా ఉంటుంది, నెయ్యిలో కూడా కాస్త మిగిలే వీలుంది. మీ ఊరివాళ్ళు గేదెపాలు పట్టండి, మేకపాలు పట్టండి అంటారు, వినకు. వాటి ప్రోటీన్లూ ఆవుపాల వాటిలాంటివే, చాలామంది పిల్లలకి ఇవీ పడవు. కొందరు పిల్లలకి వయసు మీద పాల అలర్జీ తగ్గుతుంది, తగ్గిందో లేదో చూడ్డం మాత్రం డాక్టరు ఎదుటే జరగాలి, ఇంట్లో చెంచాడు పోసి చూడకండి.

పెరుగన్నం లేకుండా భోజనం పూర్తయినట్టే ఉండదు మనకి, చెల్లెమ్మ బాధ అదే అయుంటుంది. చివర్లో చారన్నం అలవాటు చేయండి, నిమ్మకాయ చారో టమాటా చారో పల్చగా. పరమాన్నానికి కొబ్బరిపాలు వాడండి, బెల్లం వేసి దించాక చివర్లో పోస్తే విరగవు. కాల్షియం ఎలా అని చెల్లెమ్మ అడిగిందన్నావు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగానే ఉంటుంది, పాలకన్నా ఎక్కువ. రాగి జావ, రాగి సంకటి, మునగాకు పప్పు వారంలో తిప్పి తిప్పి పెట్టండి. ఇంకేమైనా మందు అవసరమా అన్నది డాక్టరునే అడగండి.

పల్లీల దగ్గరికి వస్తే, గుంటూరులో ఉండి పల్లీ లేకుండా వండటమేమిటని మా బాబాయి ఇప్పటికీ అంటాడు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, గుత్తివంకాయలో, చిక్కీలో, ఉప్మాలో, కారప్పొడిలో. మేము పల్లీని ఇంట్లోకే రానివ్వం. చట్నీకి పుట్నాల పప్పు, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, చిటికెడు చింతపండు, పైన ఆవాలు కరివేపాకు పోపు. గుత్తివంకాయకి పల్లీ ఇచ్చే చిక్కదనం ఎండుకొబ్బరి ఒక్కదానితో రాదు. నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఒక చెంచా శనగపప్పు విడివిడిగా సన్నటి సెగ మీద వేయించి, వేగిన ఉల్లిపాయతో కలిపి కాస్త బరకగా నూరి చూడు. నూనె తేలేదాకా మూతపెట్టి మగ్గించాలి. వంకాయ మెత్తబడి, మసాలా అంచుల దగ్గర ఎర్రగా పట్టుకుంటుంది చూడు, అప్పుడు దించాలి. మా బాబాయే రెండోసారి వేయించుకున్నాడు. అయితే పల్లీ పడని పిల్లల్లో కొందరికి నువ్వులు కూడా పడవు, బాబిగాడికి అది పరీక్ష చేయించాకే వాడండి.

నూనె విషయంలో గానుగ నూనె మోజులో పడకండి. గానుగ పల్లీనూనెలో ప్రోటీను మిగిలే ఉంటుంది, అదే గానుగలో నువ్వులూ ఆడితే నువ్వులనూనెలోకీ వస్తుంది. మేము పొద్దుతిరుగుడు నూనె వాడతాం. మిక్సీ జార్, అట్లకాడ, పెనం, పోపుడబ్బా కొత్తవి కొనెయ్యండి, పాత జార్ బ్లేడు కింద, రబ్బరు వాషరులో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఎవరైనా బయట పల్లీలు తిని వస్తే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ రాస్తే సూక్ష్మక్రిములు చస్తాయేమో గానీ పల్లీ ప్రోటీను చేతికే ఉంటుంది.

పొద్దున టిఫిన్‌కి ఏం చెయ్యాలో తోచనప్పుడు మా ఇంట్లో ఉప్పుడుపిండి. మీ అమ్మగారు చేసేవారు గుర్తుందా. బియ్యపు రవ్వ ఒక గ్లాసు, నీళ్ళు రెండు గ్లాసులు, నానబెట్టిన పెసరపప్పు ఒక గుప్పెడు. మందపాటి గిన్నెలో నూనె కాస్త ఎక్కువే పోసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, అల్లం, కరివేపాకు వేగాక నీళ్ళు పోసి, ఉప్పు వేసి, తెర్లుతుంటే పెసరపప్పు, రవ్వ పోసి కలిపి మూతపెట్టి సెగ బాగా తగ్గించెయ్. మధ్యలో గెలకకు. అడుగున పట్టిన ఎర్రటి చెక్క కోసం మా ఇంట్లో అమ్మా చిన్నీ పోటీ పడతారు. గోధుమ లేదు, పాలు లేవు, పల్లీ లేదు, ఎవరికీ ఏదీ తగ్గినట్టు ఉండదు. బొంబాయి రవ్వ ఉప్మాని నేనైతే తలుచుకోను కూడా.

ప్యాకెట్ల మీద 2020లో వచ్చిన మన దేశ ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల్లాంటివి, వేరుశెనగ, జీడిపప్పులాంటి గింజలు, సోయా ఉంటే విడిగా రాయాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు, కనక పదార్థాల వరస మొత్తం చదవాల్సిందే. కేసీన్, వే, మిల్క్ సాలిడ్స్ అన్నా పాలే. మిఠాయి కొట్టు సరుకు మాత్రం పూర్తిగా మానెయ్. ఒకే మూకుడు, ఒకే గరిటె, జీడిపప్పు ఖరీదని పల్లీ కలిపేవాళ్ళు కూడా ఉంటారు.

అన్నిటికన్నా కష్టం మన చుట్టాలురా. ప్రేమతోనే పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. తిరుపతి లడ్డూలో జీడిపప్పు ఉంటుంది కదా, చిన్ని దాన్ని కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది, మూడో తరగతి పిల్ల. మొహమాటపడకుండా ఎందుకో చెప్తుంది కూడా. బాబిగాడికీ ఇది ఇప్పటినుంచే నేర్పండి. పెళ్ళిళ్ళకి డబ్బా కట్టుకెళ్ళండి, ఎవరేమనుకున్నా సరే.

మందు సంగతి రాయకుండా ఉండలేను. ఒళ్ళంతా దద్దుర్లతో పాటు ఊపిరాడకపోయినా, గొంతు బిగుసుకున్నా, వాడు సొమ్మసిల్లినా మొదటి మందు ఎడ్రినలిన్ సూదిమందు, తొడ బయటివైపు కండలో. దురద మాత్రతో చూద్దాంలే అని ఆగకూడదు. ఇంట్లో ఏది ఉంచాలి, ఎంత డోసు, ఎవరు ఎక్కించాలి, ఇవన్నీ డాక్టరుతో కాగితం మీద రాయించుకుని ఒక కాపీ బడిలో టీచరుకివ్వు.

మీ చెల్లెలి పాపకి కూడా పల్లీలు దూరం పెట్టాలా అన్నావు. పాతకాలపు సలహా అది. లండన్‌లో చేసి 2015లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లల్ని తీసుకున్నారు. పల్లీ పెట్టకుండా పెంచినవాళ్ళలో ఐదేళ్ళకి 100కి 17 మందికి అలర్జీ వచ్చింది, చిన్నప్పటినుంచీ పెట్టినవాళ్ళలో 3 మందికే. అయితే పాపకి ఎగ్జిమాలాంటి దురద మచ్చలు ఉంటే ముందు డాక్టరు చూడాలి. పెట్టినా గుజ్జుగానే, గింజలు అసలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

సంక్రాంతికి మీరంతా ఇక్కడికే రండి. అరిసెలు పాకంలో నెయ్యి వెయ్యకుండా, పొద్దుతిరుగుడు నూనెలో వేయిస్తాను, పూర్ణాలు కూడా మినప్పప్పు, బియ్యం పిండి తోపుతో నెయ్యి లేకుండానే. నువ్వులు బాబిగాడికి పడతాయో లేదో ముందే తేల్చుకుని ఫోన్ చెయ్, పడకపోతే అరిసెలకి నువ్వులద్దను. చెల్లెమ్మ పరీక్ష రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు. వాడి మందుల సంచి నీ చేతి సంచిలోనే పెట్టుకో, రైల్లో పై బెర్తు మీద సామాన్లలో పడెయ్యకు.

నీ
శ్రీను